పాత సీడీల్లో ఒగ్గుకథ రికార్డింగులు: వినడానికి ఏ డిస్కు, దాచుకోవడానికి ఏ డిస్కు?

ఐనవోలు_శ్రోత

సభ్యులందరికీ నమస్కారం. మా పెదనాన్న గారి ఒగ్గు బృందం ఇరవై ఏళ్ల కిందట ఊరూరా చెప్పిన మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథల రికార్డింగులు మా ఇంట్లో ఒక డబ్బా నిండా సీడీల్లో ఉన్నాయి. ముందు క్యాసెట్ల మీద పట్టి, తరువాత ఒక దుకాణంలో కంప్యూటర్‌కు ఎక్కించి సీడీలుగా రైట్ చేయించినవి అవి. క్యాసెట్లు ఇప్పుడు లేవు. కొన్ని సీడీలు గంటా పావుగంటలో అయిపోతాయి, మరికొన్నింటిలో తెల్లవార్లూ సాగే కథ మొత్తం ఒకే డిస్కులో ఉంటుంది. కంప్యూటర్‌లో తెరుచుకునే డిస్కును గుడి దగ్గరి డీవీడీ ప్లేయర్‌లో పెడితే డిస్కే లేదని చూపిస్తుంది. అదే ప్లేయర్‌లో చక్కగా పాడే మరో డిస్కును కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్కో కిలోబైటు ఫైళ్లు తప్ప ఏమీ కనబడవు, వాటిని కాపీ చేసుకున్నా మోగవు. సంక్రాంతి జాతరకు గుడి దగ్గర వీటిని వినిపించాలని ఊరివాళ్లు అడుగుతున్నారు. అంతకన్నా ముందు ఇవి పాడైపోకుండా ఎలా దాచాలో తెలిసినవారు చెప్పగలరు.

కాజీపేట_జంక్షన్

మీ డబ్బాలో రెండు జాతుల డిస్కులు కలిసిపోయి ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా కనబడతాయి గనుక ఈ గందరగోళం మీ ఒక్కరిదే కాదు.

మొదటిది ఆడియో సీడీ. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం ఇందులో ఫైళ్లు ఉండవు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో, కుడి ఎడమలకు వేరువేరుగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే ధారగా రాస్తారు. ఈ పద్ధతిలో మామూలు ఖాళీ సీడీలో 80 నిమిషాలకు మించి పట్టదు. విండోస్‌లో మీకు కనబడే ఆ చిన్న ఫైళ్లు ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులు మాత్రమే. అసలు ధ్వని వాటిలో లేదు కనుక వాటిని కాపీ చేసుకుంటే ఏమీ రాదు. ఎక్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఆ ధారను చదివించి వేవ్ లేదా ఫ్లాక్ (ధ్వనిలో ఏమీ పోగొట్టకుండా దాచే రకాలు) ఫైలుగా దింపుకోవాలి.

రెండోది డేటా సీడీ. ఇందులో ఐఎస్ఓ 9660 అనే ఫైలు వ్యవస్థ మీద ఎంపీ3 ఫైళ్లు ఉంటాయి. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3 నిమిషానికి దాదాపు ఒక మెగాబైటు తీసుకుంటుంది గనుక 700 మెగాబైట్ల సీడీలో పన్నెండు గంటలకు పైగా పడుతుంది. తెల్లవార్లూ సాగే కథ ఒకే డిస్కులో ఇమడడానికి కారణం ఇదే.

ఈ రెండింటి మధ్య ఇంకో తేడా ఉంది, మీకు పనికివచ్చేది అదే. సీడీలోని ఒక్కో సెక్టారులో, అంటే ఒక్కో చిన్న ముక్కలో, 2,352 బైట్లు ఉంటాయి. ఆడియో సీడీ ఆ చోటంతా ధ్వనికే వాడుకుంటుంది. డేటా సీడీ 2,048 బైట్లే వాడుకుని, మిగిలిన చోటులో చాలా భాగాన్ని తప్పులు దిద్దుకోవడానికి అట్టిపెడుతుంది. గీత పడి దిద్దలేని తప్పు వచ్చినప్పుడు ఆడియో ప్లేయర్ పక్క కొలతలను చూసి మధ్యది ఊహించి పూరిస్తుంది, వినేవారికి చాలాసార్లు తెలియనే తెలియదు. డేటా సీడీని చదివే డ్రైవు అలా ఊహించదు, చదవలేనని ఆగిపోతుంది. అందువల్ల ఎంపీ3 సీడీలు దెబ్బతింటే మీకు వెంటనే తెలుస్తుంది, ఆడియో సీడీలు తెలియకుండానే అరిగిపోతుంటాయి.

నా సలహా ఒక్కటే. వినడానికి చేసే డిస్కునూ దాచుకోవడానికి చేసే ప్రతినీ ఒకటిగా చూడకండి. రెండూ ఒకటే అయినందువల్లనే మీకు ఈ చిక్కు వచ్చింది.

జేపీఎన్_రోడ్_పాతకాపు

కాజీపేట గారు చెప్పిన దానికి దుకాణం వైపు నుంచి కొంత చేరుస్తాను. వరంగల్‌లో ఆ రోజుల్లో ఈ పని చేసినవాళ్లలో నేనూ ఒకడిని. కాగితం మీద పాటల జాబితా రాసుకొచ్చి సీడీ కొట్టిచ్చుకునేవారు పండుగల ముందు వరుసకట్టేవారు. ఆడియో సీడీ కావాలా, ఎంపీ3 కావాలా అని అడిగితే ఎక్కువమంది ఎక్కువ పాటలు పట్టేదే ఇవ్వమనేవారు. ఇంట్లో ప్లేయర్ మీద ఎంపీ3 గుర్తు ఉందో లేదో చూసుకునేవారు కాదు. మరునాడు తిరిగి వచ్చినవాళ్లకు అదే జాబితాలో కొన్ని పాటలు తగ్గించి ఆడియో సీడీగా మళ్లీ చేసి ఇచ్చేవాళ్లం.

మీ ప్లేయర్ డిస్కు లేదని చూపడానికి ఇదొక్కటే కారణం కానక్కరలేదు. ఖాళీ సీడీ ఖర్చు కలిసివస్తుందని ఒకే డిస్కు మీద ఈ వారం కొన్ని, వచ్చే వారం కొన్ని చొప్పున విడతలుగా రైట్ చేయించుకునేవారు ఉండేవారు. అలా చేయాలంటే డిస్కును చివరగా మూయకుండా, అంటే ఫైనలైజ్ చేయకుండా వదలాలి. కంప్యూటర్ దాన్ని చదువుతుంది, చాలా ప్లేయర్లు చదవవు. కొన్ని ప్లేయర్లకు మొదటి విడత మాత్రమే కనబడుతుంది. పైగా మొదటి విడతను మూయడానికే దాదాపు 22 మెగాబైట్లు, ఆ తరువాతి ఒక్కోదానికి దాదాపు 13 మెగాబైట్లు ఖర్చవుతాయి, కాబట్టి అందులో పొదుపు కూడా పెద్దగా లేదు. డిస్కుల ముఖం మీద ఏమేమి అచ్చై ఉందో చూసి చెప్పండి.

ఐనవోలు_శ్రోత

చూశాను. ఎక్కువ వాటి మీద సీడీ-ఆర్ అని ఉంది. కొన్నింటి మీద సీడీ-ఆర్‌డబ్ల్యూ అని ఉంది, ప్లేయర్ తిరస్కరిస్తున్నవి చాలావరకు అవే. మరికొన్నింటికి పైన కాగితపు స్టిక్కర్ అంటించి మల్లన్న బొమ్మ వేశారు. ఆ స్టిక్కర్లు అంచుల్లో లేస్తున్నాయి. వాటిని పీకేయవచ్చా?

కాజీపేట_జంక్షన్

పీకకండి. సీడీలో సమాచారం ఉండేది మనం చూసే మెరిసే వైపు లోతులో అనుకుంటాం గానీ, నిజానికి అది బొమ్మ ఉన్న పైవైపుకే దగ్గరగా ఉంటుంది. కింద నుంచి పైకి దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బనేటు, దాని మీద రంగు పొర, దాని మీద పలుచని లోహపు పొర, ఆపైన వార్నిషు పూత మాత్రమే ఉంటాయి. స్టిక్కర్‌తో పాటు లోహపు పొర లేచి వస్తే ఆ భాగంలో ఉన్నది ఇక ఎవరూ తేలేరు. లేచిన అంచు డ్రైవులో తగులుతుందనిపిస్తే ఆ అంచు మేరకే జాగ్రత్తగా కత్తిరించి, తక్కువ వేగంలో చదివించండి. డీవీడీలో రెండు పలకల మధ్య సమాచారం దాగి ఉంటుంది కనుక పైగీతల బాధ దానికి తక్కువ.

సీడీ-ఆర్‌డబ్ల్యూ సంగతి వేరు. చెరిపి మళ్లీ రాసుకునే ఆ డిస్కులు కాంతిని చాలా తక్కువగా, నాలుగో వంతు కన్నా తక్కువగానే, వెనక్కి పంపుతాయి. మామూలు సీడీ-ఆర్ దాదాపు మూడింట రెండు వంతులు పంపుతుంది. పాత ప్లేయర్ లేజరు అంత మసక వెలుతురును పట్టుకోలేదు. తొలినాటి డీవీడీ ప్లేయర్లలో ఇంకో చిక్కు ఉండేది. డీవీడీ చదివే లేజరు 650 నానోమీటర్లది, సీడీ-ఆర్ రంగులు 780 నానోమీటర్ల కాంతికి తగినట్లు చేసినవి. రెండో లేజరు లేని ప్లేయర్‌కు మామూలు సీడీ-ఆర్ కూడా ఖాళీగానే కనబడుతుంది.

భద్రకాళి_గట్టు

నేను రసాయన శాస్త్రం బోధిస్తాను కనుక ఆ రంగు పొర గురించి కొంత వివరంగా రాస్తాను. దుకాణంలో కొన్న పాట సీడీలో గుంటలు ముద్రగా పడి ఉంటాయి. మనం రైట్ చేసిన సీడీలో గుంటలు లేవు, లేజరు వేడికి అక్కడక్కడ మారిపోయిన సేంద్రియ రంగు మాత్రమే ఉంది. ఆ రంగు మూడు రకాలు: సయనిన్, థాలోసయనిన్, అజో. డిస్కు కింది వైపు నీలి ఆకుపచ్చగా ఉంటే సయనిన్ అని, దాదాపు రంగు లేనట్లు లేత బంగారు ఛాయలో ఉంటే థాలోసయనిన్ అని, ముదురు నీలంగా ఉంటే అజో అని స్థూలంగా గుర్తు పట్టవచ్చు, కానీ వెనకనున్న లోహపు రంగు కూడా కలిసి కనబడుతుంది గనుక దీన్ని కచ్చితమైన పరీక్షగా తీసుకోకూడదు. మూడింటిలో వెలుతురుకు త్వరగా లొంగేది సయనిన్.

లేజరు కొద్దిసేపట్లో చేసే పనినే ఎండ, వేడి, తేమ ఏళ్ల తరబడి మెల్లగా చేస్తాయి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటే రోజుల్లో మూసిన కారు లోపల డ్యాష్‌బోర్డు మీద ఉంచిన సీడీ పరిస్థితి ఊహించుకోవచ్చు. రేకుల ఇంటి అటక మీద డబ్బా పెట్టినా అంతే. డిస్కులను ఒకదానిపై ఒకటి పేర్చకుండా, గట్టి కవర్లలో నిలువుగా, ఇంట్లో చల్లగా చీకటిగా ఉండే గదిలో, గోడకు తగలకుండా ఉంచండి. పేర్లు రాయడానికి స్పిరిట్ వాసన వచ్చే మార్కర్ కాకుండా నీటితో చేసిన మార్కర్ వాడండి, రాసేది కూడా నడుమ ఉన్న పారదర్శకమైన వలయం మీద రాయండి.

తుడవవలసి వస్తే మెత్తని నూలు గుడ్డతో నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే సాగి ఒకే చోట చాలా బిట్లను మింగుతుంది. అడ్డంగా పడిన సన్నని గీతను సీడీలోని దిద్దుబాటు పద్ధతి సులభంగా దాటుతుంది. ట్రాక్ వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల వరకు పోయినా దాన్ని పూర్తిగా తిరిగి కట్టగలదు.

ఎలగందుల_కోట

ఇంతసేపూ డిస్కును నిందించడమే జరిగింది కనుక నేను అవతలి పక్షం వహిస్తాను. ఐనవోలు గారి దగ్గర ఈ కథలు ఇరవై ఏళ్ల తరువాత కూడా ఉన్నాయంటే అవి సీడీల్లో ఉన్నందువల్లనే. అదే కాలంలో హార్డ్ డిస్కులో మాత్రమే పెట్టుకున్నవారిలో ఎంతమంది దగ్గర మిగిలాయి? కరీంనగర్‌లో మా బంధువుల పెళ్లి పాటల సేకరణ మొత్తం ఒక్క పిడుగుపాటుతో పోయింది. ఒకసారి రాసిన సీడీ-ఆర్‌ను వైరస్ చెరపలేదు, పిల్లలు పొరపాటున డిలీట్ చేయలేరు, కరెంటు దెబ్బకు కాలదు. సేంద్రియ రంగు మీద నమ్మకం లేకపోతే అసేంద్రియ పొర మీద రాసే ఎం-డిస్క్ ఉంది. దాచుకోవడానికి డిస్కు కన్నా మంచిది నాకు కనబడడం లేదు.

కాజీపేట_జంక్షన్

ఎలగందుల గారు చెప్పిన గుణం నిజమే, ఒకసారి రాస్తే మారనిది అనే భద్రత పెన్‌డ్రైవ్‌కు లేదు. నా అభ్యంతరం డిస్కు మీద కాదు, డిస్కును రాసి డబ్బాలో పెట్టి మళ్లీ ముట్టుకోకపోవడం మీద. ఐనవోలు గారి డిస్కుల్లో ఎన్ని నిలిచాయో ఇంకా తెలియదు, చదివించి చూస్తేనే తెలుస్తుంది. ఇంకో విషయం ఏమిటంటే, డిస్కు బతికినా దాన్ని చదివే యంత్రం దొరకాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవు రావడం దాదాపు ఆగిపోయింది. గ్రేటర్ నోయిడాలో ఖాళీ సీడీలు తయారుచేసి దేశమంతటా అమ్మిన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. ఎం-డిస్క్ రాయాలన్నా దానికి తగిన డ్రైవు కావాలి.

కాబట్టి డిస్కు ఒక ప్రతిగా ఉండనివ్వండి, ఏకైక ప్రతిగా ఉండనివ్వకండి. హార్డ్ డిస్కులో ఒకటి, డీవీడీ-ఆర్‌లో ఒకటి, వేరే ఊరిలో బంధువుల ఇంట్లో మరొకటి ఉంటే పిడుగు పడినా, రంగు వెలిసినా ఏదో ఒకటి మిగులుతుంది. ప్రతి ఫైలుకూ ఎండీ5 చెక్‌సమ్, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య, తీసి ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసి అన్ని ప్రతులతోనూ ఉంచితే, ఏడాదికోసారి పోల్చి చూసి ఎక్కడ పాడైందో వినకుండానే పట్టుకోవచ్చు. ఫ్లాక్ ఫైలులో ధ్వని వరకు ఇలాంటి చెక్‌సమ్ లోపలే ఉంటుంది, ఎంపీ3కి మనమే తీసుకోవాలి.

ఎలగందుల_కోట

ఏకైక ప్రతి కాకూడదన్నంతవరకు ఒప్పుకుంటాను. మూడింటిలో ఒకటి మాత్రం డిస్కుగానే ఉండాలన్నది నా మాట.

గోదావరి_గట్టు

ఇదే చర్చలో నాదొక ప్రశ్న. మా అమ్మమ్మ తరం బతుకమ్మ పాటలు ఫోనులో రికార్డు చేసి, ఒక్కో పాటకు తెలుగులోనే పేరు పెట్టి ఎంపీ3 సీడీ రాశాను. కంప్యూటర్‌లో పేర్లు సరిగానే ఉన్నాయి. కారు ప్లేయర్‌లో అన్నీ చతురస్రాలుగా కనబడుతున్నాయి, పైగా ఒకటో పాట తరువాత పదో పాట, పదకొండో పాట వచ్చి, ఆ తరువాతే రెండో పాట వస్తోంది. ఎంగిలిపూల నాటి పాట తరువాత ఏకంగా సద్దుల బతుకమ్మ పాట వస్తే వినడానికి బాగుండడం లేదు.

జేపీఎన్_రోడ్_పాతకాపు

వరుస తప్పడానికి కారణం ప్లేయర్ అంకెల విలువను చూడకపోవడమే. అది అక్షరక్రమంలో చదువుతుంది కనుక 1 తరువాత 10 వస్తుంది. 01, 02 అని రెండంకెలతో మొదలుపెట్టండి, వంద దాటితే 001 అని పెట్టండి. ఒక ఫోల్డరులో మరో ఫోల్డరు, దానిలో ఇంకొకటి పెట్టకుండా ఒకే అంచె ఫోల్డర్లతో సరిపెట్టండి. ఫైళ్లకూ ఫోల్డర్లకూ ఒక్కో ప్లేయర్‌కు ఒక్కో గరిష్ఠ పరిమితి ఉంటుంది, అది దాని మాన్యువల్‌లో దొరుకుతుంది.

పేర్ల విషయానికి వస్తే, ఐఎస్ఓ 9660 మొదటి స్థాయిలో ఎనిమిది అక్షరాల పేరు, మూడు అక్షరాల తోక, అదీ ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి. మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్ పద్ధతిలో 64 అక్షరాల దాకా తెలుగు పేరు కూడా డిస్కు మీద నిలుస్తుంది. కంప్యూటర్‌లో మీకు సరిగా కనబడడానికి కారణం అదే. కారు ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేదు గనుక అది చతురస్రాలు చూపడం మినహా ఏమీ చేయలేదు. పాట పేరు, పాడినవారి పేరు ఉండే ఫైలు లోపలి ఐడీ3 ట్యాగుల్లోనూ పాత రకానికి పేరుకు 30 బైట్లే ఉన్నాయి. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటాయి కనుక పదింటితోనే చోటు నిండిపోతుంది. కారు కోసం చేసే డిస్కుకు ఇంగ్లీషు లిపిలో చిన్న పేర్లు పెట్టి, దాచుకునే ప్రతికి తెలుగు పేర్లు అలాగే ఉంచండి.

ఐనవోలు_శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. డిస్కులు ఒక్కొక్కటిగా దింపుతున్నాను. ఆడియో సీడీలు ఫ్లాక్‌లోకి వచ్చేశాయి. ఎంపీ3 సీడీల్లో ఒక బీరప్ప కథ డిస్కు మాత్రం చివరి భాగాల దగ్గర ఆగిపోతోంది. మొదటి భాగాలన్నీ బాగానే ఉన్నాయి. ఇంకొక సందేహం: ఎంపీ3లుగా ఉన్నవాటిని కూడా ఫ్లాక్‌గా మార్చి ఉంచితే నాణ్యత పెరుగుతుందా?

కాజీపేట_జంక్షన్

పెరగదు, పరిమాణం మాత్రం పెరుగుతుంది. ఎంపీ3 చేసేటప్పుడు చెవికి అంతగా పట్టవని పక్కన పెట్టిన వివరాలు తిరిగి రావు. ఒగ్గుకథలో ఆ నష్టం డోలు కన్నా తాళాల్లో ఎక్కువగా వినబడుతుంది. తక్కువ బిట్‌రేటు (సెకనుకు తక్కువ బిట్లు) ఫైళ్లలో తాళాల మోత గలగలలాడకుండా నీళ్లలో నుంచి వస్తున్నట్లు ఉంటుంది. మీ దగ్గర క్యాసెట్ లేదు కనుక ఆ ఎంపీ3యే ఇప్పుడు మూలం. దాన్ని ఉన్నది ఉన్నట్లు ఉంచండి. ముక్కలు చేయవలసి వస్తే ఎంపీ3డైరెక్ట్‌కట్ వంటి, మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కత్తిరించే సాధనం వాడండి. ఎంపీ3ని ఆడియో సీడీగా రాసి, కొన్నాళ్లకు దాని నుంచి మళ్లీ ఎంపీ3 చేసుకోవడం మన దగ్గర చాలామందికి అలవాటు. ప్రతి మలుపులోనూ కొంత పోతుంది.

చివరి భాగాలే చదవకపోవడానికి కారణం ఉంది. సీడీని నడిమి నుంచి అంచు వైపుకు రాస్తారు. 52 రెట్ల వేగం అని రాసి ఉన్న డ్రైవు ఆ వేగాన్ని అందుకునేది అంచు దగ్గరే, వేళ్లు తగిలేదీ వంకర తిరిగేదీ కూడా అంచే. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ నడిపించండి. అది ముందు సులభంగా వచ్చే సెక్టార్లన్నీ తీసుకుని, రానివాటి చిట్టా రాసుకుని, తరువాత వాటి మీదికే తిరిగి వస్తుంది. ఆ చిట్టాను భద్రపరచి డిస్కును వేరొక డ్రైవులో పెట్టి కొనసాగించవచ్చు. ఒక డ్రైవుకు రాని సెక్టారు మరో డ్రైవుకు రావడం తరచుగా జరిగేదే. అప్పటికీ రాని చోట ఎంపీ3 కొద్ది క్షణాలు తడబడి ముందుకు సాగుతుంది, ఫైలు మొత్తం పోదు.

జేపీఎన్_రోడ్_పాతకాపు

అందుకే మేము నాలుగు రెట్ల వేగంలో రాయమనేవాళ్లం. నెమ్మదిగా రాసినదే గట్టిగా నిలుస్తుంది.

కాజీపేట_జంక్షన్

తొలినాటి డిస్కుల విషయంలో అది నిజం. తరువాత వచ్చిన డిస్కుల రంగు పొరను ఎక్కువ వేగానికి తగినట్లు పలుచన చేశారు కనుక వాటికి మరీ నెమ్మది కూడా మంచిది కాదు. గరిష్ఠ వేగంలో సగానికి కొంచెం తక్కువగా, 16 లేదా 24 రెట్ల దగ్గర రాసి, రాసిన వెంటనే సాఫ్ట్‌వేర్‌లోనే సరిచూడమని పెట్టడం మేలు. అంచు దగ్గర కొంత చోటు ఖాళీగా వదిలితే ఇంకా మంచిది.

హన్మకొండ_చౌరస్తా

ఒక చట్టపు విషయం. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో జరిగిన సవరణతో ప్రదర్శన ఇచ్చినవారికి ప్రత్యేక హక్కు వచ్చింది. ఇప్పుడు దాని గడువు ప్రదర్శన తరువాతి ఏడాది మొదలుకొని 50 ఏళ్లు. గుడి దగ్గర వినిపించడానికైనా, డిస్కులు పంచడానికైనా పెదనాన్న గారి ఒక్కరి మాట చాలదు. వంత పాడినవారు, డోలు వాయించినవారు లేదా వారి వారసుల సమ్మతి కూడా తీసుకుని, వారి పేర్లు, ఊరు, చెప్పిన కథ, సంవత్సరం ఒక కాగితం మీద రాసి ప్రతులతో ఉంచండి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వారిని సంప్రదించడం కూడా మంచిదే. ఒగ్గుకథ వారు పనిచేసే రంగమే.

ఐనవోలు_శ్రోత

బృందంలో ఇప్పుడున్నవారు అందరూ అంగీకరించారు. మిగిలిన కుటుంబాలతో మాట్లాడుతున్నాను. బీరప్ప కథ డిస్కు మా మేనల్లుడి పాత డెస్క్‌టాప్‌లో పెడితే చివరి భాగంలో కొద్దిచోట్ల తప్ప అంతా వచ్చింది. ఇక జాతరకు వినిపించే డిస్కు ఎలా చేయాలో చెబితే చాలు.

జేపీఎన్_రోడ్_పాతకాపు

గుడి దగ్గరి ప్లేయర్ ఎంపీ3 చదువుతుందో లేదో తేలనంతవరకు ఆడియో సీడీలుగానే చేయండి, కథకు డిస్కులు ఎక్కువైనా ఫరవాలేదు. సీడీ-ఆర్ మాత్రమే కొనండి, ఆర్‌డబ్ల్యూ వద్దు. కథ మధ్యలో తెగకుండా ఉండాలంటే డిస్కు మొత్తాన్ని ఆపకుండా ఒకేసారి రాసే డిస్క్-ఎట్-వన్స్ పద్ధతి ఎంచుకుని, భాగాల మధ్య ఎడం సున్నా సెకన్లు పెట్టండి. ఒక్కో భాగాన్ని విడిగా రాసే ట్రాక్-ఎట్-వన్స్‌లో రాస్తే ప్రతి భాగం తరువాత రెండు సెకన్ల నిశ్శబ్దం వచ్చి డోలు వరుస తెగుతుంది. ఒక్కో డిస్కును 75 నిమిషాల లోపు, కథకుడు వచనం నుంచి పాటకు మారే చోట ఆపండి. స్టిక్కర్లు అంటించవద్దు. జాతరకు వారం ముందే ఆ ప్లేయర్‌లోనే, ఆ స్పీకర్లతోనే ప్రతి డిస్కునూ చివరి భాగం దాకా వినండి, మొదటి పాట మోగింది కదా అని వదిలేయకండి. ప్లేయర్‌కు యూఎస్‌బీ ఉంటే అవే భాగాలు ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. దాన్ని ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేయండి, పాత ప్లేయర్లలో ఎక్కువ వాటికి మిగతా ఫార్మాట్లు తెలియవు.